మగవాళ్ళెవరైనా ఉంటే ఫోనివ్వమ్మా

మా అక్క ఒకసారి ఫోనులో తిట్టి మోటారును నడిపించింది. నీళ్ళ మోటారు. ఊరికి ఆ చివరున్న హాస్టల్లో ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉన్నది, అక్క ఇక్కణ్ణుంచి నాలుగు మాటలు అనేసరికి సిగ్గుతో చితికిపోయి, లేచి, పరుగందుకుని, మూడంతస్తుల పైనున్న ట్యాంకు నింపి, పొంగించి, మెట్లమీదుగా వీధిలోకి కూడా నీళ్ళు పంపింది. నమ్మనివాళ్ళు నమ్మకండి. ఆ సమయానికి నేనా గదిలోనే ఉన్నాను. కాలేజీ నన్ను పోగొట్టుకున్న రోజు నుంచీ నేను కళ్ళారా చూసినవే చెబుతున్నాను. కాకపోతే కళ్ళు కాస్త పెద్దవి చేసుకుని చూస్తాను.

మా కంపెనీ నీళ్ళ మోటార్లు అమ్ముతుంది. అమ్మినది మొరాయిస్తే జనం ఫోన్ చేయడానికి ఒక నంబరుంది. అది మోగేది అక్క టేబులు మీద. సర్వీసు గది అని గౌరవంగా పిలుస్తాం గానీ, ఒకప్పుడది అట్టపెట్టెలు పడేసే కొట్టు. ఒకటే కిటికీ, అది కూడా వ్యాను షెడ్డులోకి తెరుచుకుంటుంది. వ్యాను స్టార్టు చేస్తే గదంతా పొగ. టేబులు మీద పొట్ట కోసి లోపలి అవయవాలన్నీ కనబడేలా పెట్టిన ఒక పాత మోటారు, మెలికల తీగ ఉన్న ఫోను, ఎప్పుడూ చల్లారిపోయే టీ. గోడకి ఇవతల గోడౌన్. అందులో నేను. పెట్టెలు వ్యానులోకి ఎక్కించడం నా పని. అక్క పెట్టించిందే ఆ ఉద్యోగం. నా తెలివికి అది చాలా చిన్నదని అప్పుడూ చెప్పాను, ఇప్పుడూ చెబుతున్నాను.

అక్క మొదట్లో వాషర్లు లెక్కపెట్టి సంచుల్లో వేసే పనికి చేరింది. పక్క బల్ల మీద ముసలి మెకానిక్కు మోటార్లు విప్పుతుంటే చూసేది, అడిగేది, చివరికి ఆయన చేతిలోంచి స్పానరు లాక్కునేది. ఆయన రిటైరయ్యాక, మరో మెకానిక్కు దొరికేదాకా కాస్త ఫోను చూడమన్నారు. ఆ ‘కాస్త’ అలా సాగుతూనే ఉంది. అక్కకి వినయం అనే రోగం లేదు. తనకి పని వచ్చని తనకి తెలుసు, ఎదుటివాళ్ళకి తెలిసేలా చెబుతుంది కూడా. “ఫోను మోటారు దగ్గరికి తీసుకెళ్ళండి, చప్పుడు వినిపించండి” అంటుంది. విని, గాలి పట్టిందో, కెపాసిటర్ పోయిందో, బేరింగు అరిగిందో చెప్పేస్తుంది. ఆ చప్పుడు వెనకాల వినిపించే గిన్నెల మోతను బట్టి ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాలు మాట్లాడుకుంటున్నారో లేదో కూడా చెప్పగలదని నేను ప్రచారం చేశాను. దానికామె నన్ను స్పానరుతో కొట్టబోయింది.

ఇంతకీ కడుపు మండే సంగతి ఇక్కడుంది. అక్క అంతా వినేది, ఏం చేయాలో చెప్పేది. అవతలి మనిషి చాలా మర్యాదగా, పసిపిల్లకి నచ్చజెప్పే గొంతుతో, “అదికాదమ్మా, మగవాళ్ళెవరైనా ఉంటే ఫోనివ్వమ్మా” అనేవాడు.

ఒకరిద్దరు కాదు. రోజూ ఇదే. ముసలివాళ్ళు, కుర్రవాళ్ళు, చదువుకున్నవాళ్ళు, చదువు చెప్పేవాళ్ళు. ఆడవాళ్ళు కూడా అడిగేవారు. ఆ ఆడవాళ్ళు అడిగినప్పుడు మాత్రం అక్క రిసీవరు చెవికి దూరంగా పట్టుకుని దానివైపు ఒకసారి చూసేది, ఇది ఎక్కడ తయారైందా అన్నట్టు.

మొదటిసారి ఇలా అయినప్పుడు వ్యాను నడిపే బాబాయ్ (నాకు బాబాయ్, అక్కకి అన్న) తాళాల కోసం లోపలికి వచ్చాడట. మనిషి భారీగా ఉంటాడు. గొంతు ఖాళీ ట్యాంకులో తల పెట్టి మాట్లాడినట్టు ఉంటుంది. అక్క విసుగెత్తి రిసీవరు ఆయన చేతిలో పెట్టి, రెండో చెవిలో మెల్లగా, “గాలి పట్టింది, పై మూత విప్పి నీళ్ళు పొయ్యమనండి” అంది. బాబాయ్ అదే ముక్క తన గొంతులో అన్నాడు. అవతల వెంటనే, “ఓహో, అలాగే సార్. అలా చెప్పండి మరి. ఇందాకటి ఆవిడకేం తెలియట్లేదు” అని వినిపించింది.

అప్పట్నుంచీ మా ఆఫీసులో ఇదొక ఆచారమైపోయింది. దానికి ‘గొంతు అరువు’ అని పేరు కూడా పెట్టుకున్నాం. ఫోనులో ఆ మాట రాగానే అక్క కిటికీలోంచి చెయ్యి ఊపుతుంది. దగ్గర్లో ఏ మగాడుంటే వాడు వెళ్ళాలి. ఒక చెవికి ఫోను, రెండో చెవిలో అక్క. వాచ్‌మన్ అరువిచ్చాడు. నేనూ ఇచ్చాను. ముక్కు పట్టేసి, మాట మాటకీ తుమ్ముతూ ఇచ్చినా నన్ను నమ్మారు. కేవలం మగాణ్ణి కావడం వల్ల నాకు అంత విలువ దొరకడం మళ్ళీ ఎక్కడా లేదు. అకౌంట్సులో పనిచేసే కళ్ళజోడు కూడా అప్పుడప్పుడు ఇచ్చేవాడు, కాగితాల మీంచి బలవంతంగా లేచి వచ్చి. కానీ ఎక్కువ అరువిచ్చింది బాబాయే.

“చెల్లెమ్మా, ఇవాళ నా గొంతుకి సెలవు. నిన్నంతా నీ పనే చేసింది” అనేవాడు.

“సెలవు కావాలంటే ఇంజనీరు సారు సంతకం తీసుకురా అన్నా” అనేది అక్క.

ఆ ఇంజనీరు సారు ఎవరో కాదు, బాబాయే. కస్టమర్లు ఆయనకి పెట్టుకున్న పేరది. ఒకసారి బాబాయ్ ఓ పెద్దింటికి కొత్త మోటారు దించడానికి వెళ్ళాడు. ఖాకీ చొక్కా చూడగానే ఆ ఇంటాయన వెనక గేటు చూపించి, గోడకి చెయ్యి తగలనివ్వొద్దన్నాడు. మంచినీళ్ళడిగితే తోటలో కుళాయి చూపించాడు. ఆ తర్వాత ఆయనే, మోటారు దించుతున్న బాబాయ్ నెత్తి మీద నిలబడి, “మీ ఆఫీసులో ఇంజనీరు గారున్నారయ్యా, ఏం గొంతు, ఏం జ్ఞానం! మీలాంటివాళ్ళు ఆయన్ని చూసి నేర్చుకోవాలి” అన్నాడట. బాబాయ్ ఒక్క మాట కూడా బదులు చెప్పలేదు. నోరు విప్పితే ఆ పెద్దమనిషి కాళ్ళ మీద పడతాడేమోనని భయమేసిందని మాకు చెబుతూ నవ్వాడు. నవ్వు మొదలైనంత జోరుగా చివరిదాకా సాగలేదు. అక్క ఆయన గ్లాసులో టీ ఇంకాస్త పోసింది.

ఆ ఏడాది వ్యాపారం పెరిగింది. సర్వీసుకి ఒక ఇన్‌ఛార్జి ఉండాలని ఓనరు నిర్ణయించాడు. హాలు మూలలో అద్దాల గది కట్టించాడు. గుండ్రంగా తిరిగే కుర్చీ తెప్పించాడు. ఆ కుర్చీ ఎవరిదో మాలో ఎవరికీ అనుమానం లేదు. అక్కకి అంతకన్నా లేదు. పైకి అనలేదు గానీ, వడ్రంగి దగ్గరికి వెళ్ళి ఫోను తీగ ఎటునుంచి వస్తుందని అడిగింది. కిటికీ వ్యాను షెడ్డు వైపు వద్దని చెప్పింది. ఇంటికి వెళ్ళి బావకి కుర్చీ కొలతలిచ్చింది. బావ దర్జీ. మా ఇంట్లో మిషను తొక్కేది ఆయన, స్క్రూలు బిగించేది ఆమె. చుట్టుపక్కలవాళ్ళకి ఇది ఇప్పటికీ అరగదు. బావ మంచి గుడ్డ ఏరి, అంచులు తిప్పి, కుర్చీలో వేసుకోవడానికి నీలం రంగు దిండు కుట్టాడు. అక్క దాన్ని కవరులో చుట్టి ఆఫీసుకు తెచ్చి, టేబులు కింద దాచింది. మేం చూడలేదనుకుంది.

ఓనరు వచ్చాడు. అందర్నీ హాల్లోకి పిలిచాడు. కస్టమర్లు ఎవరు కనబడినా మన సర్వీసులో గంభీరమైన గొంతున్న ఒక సారు గురించే చెబుతున్నారట. విషయం అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెబుతాడట. ఆ సారు ఎవరో ఆయనకి తెలియాలట.

మేమంతా బాబాయ్ వైపు చూశాం. బాబాయ్ టోపీ తీశాడు. “గొంతు నాదే సార్. మాట మాత్రం చెల్లెమ్మది” అన్నాడు. ఇంత సూటిగా, ఇంత శుభ్రంగా నిజం చెప్పినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. నా వల్ల అయ్యే పని కాదది.

ఓనరు ఖాకీ చొక్కా చూశాడు. కింద చెప్పులు చూశాడు. మంచి జోకు విన్నట్టు నవ్వాడు. తర్వాత అక్క వైపు తిరిగి, “నువ్వు బాగా సాయం చేస్తున్నావమ్మా, అందరూ చెబుతారు” అన్నాడు. సాయం! ఇల్లు మోస్తున్న గోడను పట్టుకుని, పైకప్పుకి బాగా సాయం చేస్తున్నావని మెచ్చుకున్నట్టు. అక్కడితో ఆయన చూపు అక్క మీంచి జారి, బాబాయ్ మీంచి జారి, నన్ను అసలు తాకకుండా దాటి, కళ్ళజోడు మీద ఆగింది. ఇస్త్రీ చొక్కా, ప్యాంటులో దోపుకున్నాడు. జేబులో పెన్ను ఉంది. ఇన్‌ఛార్జి ఎలా ఉండాలని ఆయన అనుకున్నాడో సరిగ్గా అలాగే ఉన్నాడు.

“నువ్వేనా?”

కళ్ళజోడు జేబులో పెన్ను సర్దుకున్నాడు. “అప్పుడప్పుడు నేనూ మాట్లాడాను సార్” అన్నాడు.

అబద్ధం కాదు. అబద్ధమైతే అక్కడే కాలరు పట్టుకునేవాణ్ణి. నిజమే చెప్పి కుర్చీ ఎక్కాడు.

ఆ సాయంత్రం అక్క దిండు చంకలో పెట్టుకుని ఇంటికొచ్చింది. బావ మిషను ఆపి, “కొలత తప్పిందా?” అన్నాడు. “కొలత సరిగ్గానే ఉంది. కూర్చునే మనిషినే మార్చారు” అంది అక్క. ఇంకేం మాట్లాడలేదు. కోపమొస్తే ఇల్లు పీకి పందిరేసే మనిషి మాట్లాడకపోతే ఆ ఇంట్లో కూర్చోవడం ఎంత కష్టమో నన్నడగండి.

మర్నాడు అక్క పనికి వచ్చింది. ఫోను ఎత్తింది, విన్నది, చెప్పింది, ఎప్పటిలాగే. ఎప్పటిలాగే అవతల మగవాళ్ళెవరైనా ఉంటే ఇవ్వమన్నారు. “ఉన్నారండీ” అని అక్క ఆ ఫోనును అద్దాల గదికి కలిపింది. కిటికీలోంచి చెయ్యి ఊపలేదు. కాసేపటికి కళ్ళజోడు పరుగెత్తుకుంటూ వచ్చాడు.

“అక్కా, గాలి పట్టిందో ఏంటో అంటున్నాడు, ఏం చెప్పను?”

“మీకేం తోస్తే అది చెప్పండి సార్” అంది అక్క.

నిన్నటిదాకా ‘ఒరేయ్ కళ్ళజోడూ’ అన్న నోటితో ‘మీరు’ అనేసరికి అతను తూలిపడబోయాడు. గొంతు అరువు ఆచారం ఆ నిమిషంతో ఆగిపోయింది. కళ్ళజోడుకి మోటారు పైభాగమేదో కిందిభాగమేదో తెలియదు. చాలా ఆలోచించి ఒక వైద్యం కనిపెట్టాడు. ఎవరు ఏ జబ్బు చెప్పినా, “కాసేపు ఆపి, రెస్టివ్వండి” అనేవాడు. ఊళ్ళో సగం మోటార్లు పెళ్ళిలో తిని పడుకున్న చుట్టాల్లా రెస్టు తీసుకున్నాయి. మిగతా సగం కూడా మా వాణ్ణి అడిగుంటే పడుకునేవే. జనం బిందెలు పట్టుకుని రోడ్డు మీదికి వచ్చారు, ప్రభుత్వాలు మారే పరిస్థితి వచ్చింది. సరే, అంత కాదు గానీ, ఓనరు ఇంటికి ఫోన్లు మొదలయ్యాయి.

ఒక పొద్దున ఓనరు స్వయంగా వచ్చి అద్దాల గదిలో కూర్చున్నాడు. ఫోను స్పీకర్లో పెట్టించాడు. అదే సమయానికి నేనూ బాబాయూ సరుకు పంపే కాగితం మీద సంతకం కోసం వెళ్ళి తలుపు దగ్గర నిలబడ్డాం. అప్పుడే ఎదురుగా తలుపు తీసున్న సర్వీసు గదిలో, అక్క టేబులు మీద ఫోను మోగింది. హాస్టలు వార్డెన్. ట్యాంకు ఖాళీ, కుళాయిలో చుక్క లేదు, పిల్లలు ఒంటికి సబ్బు రాసుకుని నిలబడి ఉన్నారట. అక్క ఫోను మోటారు దగ్గరికి తీసుకెళ్ళమంది. విని, స్విచ్ ఆపి పైన మూత విప్పమంది. ఆయన ఆ పని చేయలేదు. మామూలు మాటే అన్నాడు. అక్క మామూలుగానే అద్దాల గదికి కలిపింది.

స్పీకర్లో వార్డెన్ మళ్ళీ మొదట్నుంచీ చెప్పాడు. వెనకాల పిల్లలు కేకలు పెడుతున్నారు. కళ్ళజోడు ఓనరు మొహం చూశాడు. రెస్టు అనబోయి, ఓనరు ఉన్నాడని ఆగి, నీళ్ళు నమిలాడు. ఆ హాస్టల్లో లేని నీళ్ళన్నీ ఇతని నోట్లోనే ఉన్నాయి.

అప్పుడు ఓనరు అద్దంలోంచి అక్కని రమ్మని సైగ చేశాడు. ఆమె వచ్చింది. ఆయన ఫోను మీద అరచెయ్యి మూసి, ఎంతో చనువుగా అన్నాడు:

“అమ్మా, అతని చెవిలో చెప్పు. రోజూ చెప్పేదానివేగా.”

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. బాబాయ్‌కి వెంటనే అర్థమైంది. చేతిలో కాగితం నలిగింది.

“మీకు తెలుసా సార్?” అంది అక్క.

“తెలియకపోవడమేంటమ్మా? నీ పని నాకు తెలీదా? నాకేం పట్టింపు లేదు. కస్టమర్లు ఒప్పుకోవాలి కదా, వాళ్ళు నమ్మరు” అన్నాడు ఓనరు. ఆ మాట అంటూ నొచ్చుకున్నట్టు మొహం కూడా పెట్టాడు, ఆ మొహానికి ఎవరో ఓదార్పు చెప్పాలన్నట్టు.

ఇదండీ నాకు ఒళ్ళు మండేది. ఈయనకి పట్టింపు లేదు, కస్టమరుకుంది. కస్టమర్నడిగితే నాకేం లేదు, మా ఆవిడ ఒప్పుకోదంటాడు. ఆవిడనడిగితే మా మావగారంటుంది. ఒప్పుకోని మనిషి ఎప్పుడూ పక్కగదిలోనే ఉంటాడు. పక్కగదిలోకి వెళ్ళి చూస్తే, ఆయన కూడా చాలా మంచివాడే. ఇంతమంది మంచివాళ్ళు కలిసి ఒక మనిషిని ఏళ్ళ తరబడి గుసగుసలాడించారు. తెలియక చేశారంటే తిట్టి ఊరుకునేవాణ్ణి. తెలిసీ, సాయం చేస్తున్నావమ్మా అన్నాడు చూడండి, దానికి నాకు సరిపోయే తిట్టు ఇంకా దొరకలేదు. వెతుకుతున్నాను.

అక్క ఆయన చెయ్యి తీసి పక్కన పెట్టింది. ఫోను దగ్గరికి వంగింది.

“వార్డెన్ గారూ, పోయినసారి మీ మోటారు ఆగినప్పుడు బాగు చేయించింది నేను. అంతకుముందు కూడా నేనే. మీరు విన్న గొంతు మా వ్యాను నడిపే అన్నది. మాట నాది. ఇవాళ గొంతు కూడా నాదే. ఇక్కడ మగవాళ్ళు చాలామందే ఉన్నారు, అందరూ నా మొహమే చూస్తున్నారు. మీకు మగగొంతు వినిపించేదాకా ఆ పిల్లలు సబ్బుతో నిలబడాలా? మీకు సిగ్గనిపించట్లేదా? ఎవర్నివ్వమంటారో చెప్పండి, ఇస్తాను. లేదంటే స్విచ్ ఆపి, స్పానరు తీసుకోండి.”

 స్పీకర్లో ఇనుము మీద స్పానరు ఆనిన చప్పుడు. మూత విప్పమంది. బకెట్టులో ఉన్న నీళ్ళు లోపలికి పొయ్యమంది, బుడగలు ఆగేదాకా ఆగమంది, మూత బిగించి స్విచ్ వెయ్యమంది. మోటారు ముందు గరగరలాడింది, ఆ తర్వాత నున్నగా తిరిగింది. వెనకాల పిల్లల కేకలు వేరే రకంగా మారాయి.

“వచ్చాయమ్మా, వచ్చాయి” అన్నాడు వార్డెన్. గొంతులో నిజంగానే సంతోషముంది. “మీ సారుకి కూడా నా థాంక్స్ చెప్పమ్మా.”

ముందు బాబాయ్ నవ్వాడు. ఈసారి ఆ నవ్వు ఆగకుండా సాగింది, అద్దాలు అదిరాయి. నేనూ నవ్వాను. అక్క నవ్వలేదు. ఫోను పెట్టేసి ఓనరు వైపు తిరిగింది.

“ఇక నేనెవరి చెవిలోనూ చెప్పను సార్. మాట్లాడితే నా నోటితోనే మాట్లాడతాను. కుర్చీలో కూర్చుని మాట్లాడతాను. అది కుదరదంటే వాషర్లు లెక్కపెట్టుకుంటాను, నా చేతికి ఆ పనీ వచ్చు.”

ఆమె మాట పూర్తికాకముందే ఫోను మళ్ళీ మోగింది. ఎవరూ ఎత్తలేదు. ఆగిపోయింది. మళ్ళీ మోగింది. ఓనరు కళ్ళజోడు వైపు చూశాడు. కళ్ళజోడు కుర్చీలోంచి లేచాడు. అతని జీవితంలో అతను చేసిన గొప్ప పని అదేనని నేను రాసిస్తాను. లేచి, కుర్చీ అక్క వైపు తిప్పి, పక్కకి జరిగాడు. ఓనరు గోడ గడియారం చూశాడు, పైకప్పు చూశాడు, చూడ్డానికి ఇంకేం మిగలక, “సరేనమ్మా, తాత్కాలికంగా నువ్వే చూడు” అన్నాడు.

తాత్కాలికంగా! బోర్డు రాసేవాడు ‘సర్వీసు ఇన్‌ఛార్జి’ అని పెద్దక్షరాలతో రాసి, కింద చిన్నగా ఆ ముక్క కూడా చేర్చాడు. కళ్ళజోడు అద్దాల గదిలో ఉన్నన్నాళ్ళూ ఆ ముక్క ఎవరికీ గుర్తు రాలేదు. ఆ తర్వాత ఓనరు వ్యాను మార్చాడు, గోడలకి రంగు మార్చాడు, బోర్డు కింది ముక్క మాత్రం అలాగే ఉంది. బాబాయ్ ఇప్పటికీ ఖాకీ చొక్కాలో, వెనక గేట్లలోంచే మోటార్లు దింపుతున్నాడు. ఆయనకి ఏ కుర్చీ గురించీ ఎవరూ అనుకోలేదు, తాత్కాలికంగా కూడా. నీలం దిండు మాత్రం దాని చోటుకి అది చేరింది.

అక్క తిట్టిన తిట్లకి ఆ మోటారు ఇప్పటిదాకా ఒక్కసారి కూడా ఆగలేదు. ఆ సంగతి ఊరంతా పాకిపోయింది. ఇప్పుడు మగవాళ్ళకి ఫోనివ్వమని అడిగే దమ్ము ఈ చుట్టుపక్కల ఎవరికీ లేదు.

ఇదంతా రాసి, అద్దాల గదిలోకి తీసుకెళ్ళి, నిలబడి చదివి వినిపించాను. అక్క చల్లారిన టీ తాగుతూ మొత్తం విన్నది. గ్లాసు కింద పెట్టి, నా మొహంలోకి చూసి అంది:

“మోటార్ని నేను తిట్టలేదురా, మనిషిని తిట్టాను. మోటారుకి గాలి పట్టింది, అంతే. ట్యాంకు పొంగలేదు, సగమే నిండింది. దిండు నీలం కాదు, బూడిదరంగు. ఇప్పుడెవరూ అడగరన్నావు, అది కొట్టెయ్. ఇవాళ పొద్దున కూడా అడిగారు.”